మాటకి సగటు లెక్క సరిపోదు: వర్చువల్ సర్వర్లు నడిపేవారికి బహిరంగ లేఖ

క్లౌడ్, హోస్టింగ్ సంస్థల నిర్వాహకులకు, డేటా సెంటర్లలో వర్చువల్ మెషీన్లను చూసుకునే ఇంజనీర్లకు, టెలిఫోనీ సాఫ్ట్‌వేర్ రాసేవారికి నమస్కారం.

నేను ఫోన్ కాల్స్ మోసే సర్వర్లను చూసుకునే ఇంజనీరుని. ఒక వైద్య సలహా హెల్ప్‌లైన్‌కి వచ్చే కాల్స్ అన్నీ నా చేతి కింద ఉన్న నాలుగు వర్చువల్ మెషీన్ల మీదుగానే, అంటే ఒకే భౌతిక యంత్రాన్ని సాఫ్ట్‌వేర్‌తో పంచగా వచ్చిన సర్వర్ల మీదుగానే, వెళ్తాయి. ఆ మెషీన్లను అద్దెకిచ్చిన సంస్థకి ఏడు నెలల్లో ఐదు ఫిర్యాదులు పెట్టాను. ఐదింటినీ ఒకే జవాబుతో మూసేశారు: "సీపీయూ వాడకం సగటున 14 శాతమే ఉంది. మా వైపు ఏ లోపమూ కనబడలేదు." ఆ సంస్థ పేరు ఇక్కడ రాయను. వేరే వేరే చోట్ల ఇదే పని చేసే నా తోటివాళ్లకీ అచ్చం ఇదే జవాబు వచ్చింది. ఒకరిద్దరి అలసత్వమైతే ఇంతమందికి ఒకే మాట రాదు. సర్వర్ బాగుందో లేదో మీరు కొలిచే పద్ధతిలోనే లోపముంది. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ రాస్తున్నాను.

ఐదో ఫిర్యాదుకి కారణమైన కాల్ సంగతి ముందు చెప్పాలి.

రాత్రి రెండు దాటింది. ఒక తల్లి ఫోన్ చేసింది. బిడ్డకి జ్వరం ఎక్కువగా ఉంది, పెద్దవాళ్లు వేసుకునే మాత్ర ఇంట్లో ఉంది, సగం చేసి వెయ్యొచ్చా అని అడిగింది. అవతల ఉన్న నర్సు "వెయ్యొద్దమ్మా" అంది. మా సర్వర్‌కి చేరిన రికార్డింగులో ఆ మాట స్పష్టంగా ఉంది. సర్వర్ నుంచి తల్లి ఫోన్ వైపు వెళ్లినదాన్ని విడిగా తీసి వింటే "వెయ్యొ" అని, ఆ తర్వాత గరగర, ఆ తర్వాత "మ్మా" అని ఉంది. తల్లి "సరేనండి, వేస్తాను" అంది. ఆ జవాబు నర్సు చెవిన సరిగ్గానే పడింది. ఉలిక్కిపడి "వద్దు, వద్దు, వెయ్యకండి" అని మూడుసార్లు చెప్పింది. తల్లి తిరిగి ఏమీ అనకుండా ఫోన్ పెట్టేసి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు.

మన భాషలో కాదనే మాట క్రియ చివర్లో వస్తుంది. "వెయ్యొచ్చు"కీ "వెయ్యొద్దు"కీ మధ్య తేడా ఒక్క ద్విత్వాక్షరం. మిగతా మాటంతా ఒకటే. ఆ ఒక్క అక్షరం పోయినప్పుడు వినేవాళ్లు తమకి కావలసింది విన్నామనుకుంటారు. చెవికి ఖాళీ తెలియదు, మనసు దాన్ని పూరించేసుకుంటుంది.

ఆ ఖాళీ ఎంతసేపో, నెట్‌వర్క్ మీద మాటని మోసే ప్యాకెట్లు అనే చిన్న మూటల్ని పట్టి చూశాను. 180 మిల్లీసెకన్లు. అంతసేపు మా మెషీన్ ఏమీ పంపలేదు. తర్వాత తొమ్మిది ప్యాకెట్లు ఒకదాని వెనక ఒకటి గుంపుగా బయటికి వెళ్లాయి. నర్సు వైపునుంచి వచ్చిన ప్యాకెట్ల వరుస సంఖ్యల్లో ఒక్కటీ పోలేదు. నెట్‌వర్క్ నష్టం సున్నా. అదే క్షణంలో ఆ మెషీన్ మీద నడుస్తున్న మిగతా కాల్స్ అన్నిటిలోనూ అదే 180 మిల్లీసెకన్ల ఖాళీ ఉంది. ఆ సమయంలో అదే భౌతిక యంత్రం మీద పొరుగు మెషీన్ల బ్యాకప్ నడుస్తోందని చాలా రోజుల తర్వాత, అదీ ఫోన్‌లో బతిమాలితే తెలిసింది.

ఈ రంగంలో లేనివారి కోసం గొంతు ఎలా వెళ్తుందో కొంచెం చెప్తాను. మాట్లాడిన గొంతుని సెకనుకి 8000 సార్లు కొలిచి, ఒక్కో కొలతని ఒక బైటుగా రాస్తారు. జీ.711 అని పిలిచే, ఇప్పటికీ విరివిగా వాడే పద్ధతి ఇదే. సాధారణంగా 160 బైట్లు పోగవగానే, అంటే 20 మిల్లీసెకన్ల మాట తయారవగానే దాన్ని ఒక ప్యాకెట్‌గా కట్టి పంపుతారు. సెకనుకి 50 వెళ్తాయి, 50 వస్తాయి. సర్వర్ మధ్యలో ఉండి ఇటు మాట అటు, అటు మాట ఇటు అందిస్తుంటే ఒక్క కాల్‌కి సెకనుకి 200 ప్యాకెట్లు దాని చేతులు దాటుతాయి. 500 కాల్స్‌కి అది లక్ష అవుతుంది. ఒక్కొక్కటీ సుమారు 200 బైట్ల చిన్న మూట. బరువు తక్కువ, సంఖ్య ఎక్కువ. పెద్ద ఫైళ్లు మోయడానికి సరిపోయిన నెట్‌వర్క్ కార్డు, మెషీన్ల మధ్య ప్యాకెట్లు పంచే వర్చువల్ స్విచ్ ఈ చిన్న మూటల లెక్క దగ్గర తడబడతాయి.

ప్రతి మూటకీ గడువుంది. అవతలి ఫోన్‌లో జిట్టర్ బఫర్ అనే చిన్న గాదె ఉంటుంది. రెండు మూడు ప్యాకెట్లు అందులో దాచుకుని, వరుసగా తీసి వినిపిస్తుంది. 60 మిల్లీసెకన్ల గాదె ఉన్న ఫోన్‌కి 180 మిల్లీసెకన్లు ఏమీ రాకపోతే గాదె ఖాళీ అవుతుంది. వెలితిని ఫోన్ ముందు మాట సాగదీసి కప్పుతుంది, అదీ చాలకపోతే గరగర వినిపిస్తుంది. తర్వాత గుంపుగా వచ్చిన ప్యాకెట్లలో గడువు దాటినవాటిని పారేస్తుంది. అవి పోలేదు, దారి తప్పలేదు, పాడవలేదు. ఆలస్యమయ్యాయి, అంతే. గాదె పెద్దది చేసుకోమని మాకు చాలాసార్లు సలహా ఇచ్చారు. పెద్దది చేసిన ప్రతి మిల్లీసెకనూ మాట చేరడంలో ఆలస్యంగా మారుతుంది. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ బాగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం జీ.114 సిఫారసు చెప్తోంది. ఆ 150లోనే దూరం, కోడెక్ (గొంతుని అంకెలుగా మార్చే పద్ధతి), నెట్‌వర్క్ అన్నీ సర్దుకోవాలి. ఏ మెషీన్‌కి ప్రాసెసర్ ఎప్పుడివ్వాలో తేల్చే మీ షెడ్యూలర్ కోసం పక్కన పెట్టడానికి మా దగ్గర మిగిలేది చాలా తక్కువ.

వెబ్ పేజీకి ఈ బాధ లేదు. 200 మిల్లీసెకన్లు ఆలస్యమైతే చదివేవాడికి తెలియనే తెలియదు, దారిలో పోయిన ముక్క మళ్లీ వస్తుంది. మీ వ్యాపారంలో ఎక్కువ భాగం అలాంటి పనులదే కాబట్టి మీ కొలతలూ వాటికి తగ్గట్టే తయారయ్యాయి. దాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ గొంతు మీ యంత్రాల మీదికి వచ్చి చాలా ఏళ్లయింది. 2012లో పెద్ద టెలికాం సంస్థలు కలిసి, తమ నెట్‌వర్క్ పనుల్ని వర్చువల్ సర్వర్ల మీదికి తెస్తామని డార్మ్‌స్టాట్‌లో శ్వేతపత్రమే విడుదల చేశాయి. కొలతలు మాత్రం పాతవే.

ఇక సగటు సంగతి. మీరు గ్రాఫ్‌లో చూపించే ఒక చుక్క చాలాసార్లు ఐదు నిమిషాల సగటు. ఐదు నిమిషాలంటే 3,00,000 మిల్లీసెకన్లు. అందులో 200 మిల్లీసెకన్లు మా మెషీన్ కొయ్యబారిపోతే అది పదిహేను వందల్లో ఒక వంతు. గ్రాఫ్ మీద గీత మందం కూడా మారదు. అక్కడ 100 కాల్స్ నడుస్తుంటే, ఒక్కో కాల్‌లో అటు పది, ఇటు పది చొప్పున రెండు వేల ప్యాకెట్లు ఒకేసారి గడువు తప్పుతాయి. వందమంది ఇళ్లలో ఒకే క్షణాన మాట తెగిపోతుంది.

రెడీ టైమ్ అనే కొలత, అంటే మెషీన్ సిద్ధంగా ఉండి ప్రాసెసర్ కోసం ఆగిన సమయం, ఉంది కదా అంటారు. ఉంది, అది సగటు కంటే చాలా మేలు. వర్చువల్ మెషీన్లు నడిపే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ రియల్ టైమ్ చార్టులో అది 20 సెకన్ల మొత్తంగా కనిపిస్తుంది. అందులో 1000 మిల్లీసెకన్లు ఉంటే 5 శాతం. ఆ వెయ్యి ఒక్కొక్క మిల్లీసెకనుగా వెయ్యిసార్లు వచ్చిందా, 200 చొప్పున ఐదుసార్లు వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. మొదటిదాన్ని చెవి పట్టించుకోదు. రెండోది ఐదు చోట్ల మాటని మింగేస్తుంది. లినక్స్‌లో టాప్ కమాండ్ చూపే స్టీల్ టైమ్‌దీ (మన వంతులో పక్కవాళ్లకి పోయిన సమయం) అదే కథ, పైగా కొన్ని హైపర్‌వైజర్లు (యంత్రాన్ని మెషీన్లుగా పంచే సాఫ్ట్‌వేర్) దాన్ని లోపలి మెషీన్‌కి చూపించవు. మా ఇంట్లో దొంగ పడ్డాడో లేదో చెప్పే తాళం మీ దగ్గరే ఉంది.

ఎంతసేపు ఆగాల్సి వస్తుందో లెక్కకి అందనిదేమీ కాదు. జెన్ హైపర్‌వైజర్‌లో ఏళ్ల తరబడి డిఫాల్ట్‌గా నడిచిన క్రెడిట్ షెడ్యూలర్ ఒక మెషీన్‌కి ఒక విడతలో 30 మిల్లీసెకన్లు ఇచ్చేది. మా ప్యాకెట్ 20 మిల్లీసెకన్లది. మా ముందు వరుసలో ఇద్దరుండి, ఇద్దరూ తమ విడత పూర్తిగా వాడుకుంటే 60 మిల్లీసెకన్లు, అంటే మూడు ప్యాకెట్లు. ప్యాకెట్ రాగానే నిద్రలేచిన మెషీన్‌ని ముందుకు పంపే ఏర్పాటు అందులో ఉంది. కానీ రద్దీలో అందరూ ఒకేసారి లేస్తే ఎవరూ ముందు కారు. 2019లో వచ్చిన జెన్ 4.12తో డిఫాల్ట్ మారింది, మంచిదే. లైవ్ మైగ్రేషన్ చూడండి. మెషీన్ నడుస్తుండగానే ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి మార్చే ఆ నైపుణ్యాన్ని నేను నిజంగా మెచ్చుకుంటాను. అయితే క్యూఎమూ అనే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఆఖరి ఆగుడుకి డిఫాల్ట్ హద్దు 300 మిల్లీసెకన్లు. అంటే పదిహేను ప్యాకెట్లు. "వాడుకరికి తెలియకుండా మారుస్తాం" అని మీ పత్రాల్లో రాసుకుంటారు. ఫోన్‌లో ఉన్నవాడికి తెలుస్తుంది.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు ఆస్టరిస్క్ అనే టెలిఫోనీ సాఫ్ట్‌వేర్‌ని మామూలు సర్వర్ల మీదే నడిపేవాళ్లం. లోపల టెలిఫోనీ కార్డు ఉండేది. దాని స్ఫటిక గడియారం సెకనుకి వెయ్యిసార్లు ప్రాసెసర్‌ని తట్టి లేపేది, ఒక్కో తట్టుకి ఎనిమిది శాంపిళ్లు (గొంతు కొలతలు). ఆ కార్డుని నడిపే అప్పటి జాప్‌టెల్ డ్రైవర్‌తో పాటు వచ్చే పరీక్ష ప్రోగ్రామ్‌లో ఆ తట్టుల ఖచ్చితత్వం 99.98 శాతం కంటే తక్కువ వస్తే కార్డు ఎక్కడో ఇబ్బంది పడుతోందని వెతికేవాళ్లం. ఇప్పుడు కార్డు లేదు. కాన్ఫరెన్స్‌లో పదిమంది గొంతులు కలపడానికి టిక్కు (సమయం అయిందని చెప్పే సంకేతం) కావాలంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్ టైమర్‌ని అడుగుతాం, కెర్నెల్ హైపర్‌వైజర్ని అడుగుతుంది. హైపర్‌వైజర్ వేరే పనిలో ఉంటే, కాలం గడిచిందని కూడా మాకు తెలియదు. నిద్రలో ఉన్న మనిషిని ఎంతసేపు నిద్రపోయావని అడిగినట్టు ఉంటుంది.

దీనివల్ల మామూలు మనుషులకి జరుగుతున్నవి ఇవి. నేను కళ్లారా, చెవులారా చూసినవే రాస్తున్నాను.

1. మాట తిరగబడుతోంది. పైన చెప్పిన కాల్ ఒక్కటే కాదు. ఇంటి నంబర్‌లో ఒక అంకె, మందు మోతాదులో "అర" అన్న మాట, "రావట్లేదు"లో చివరి రెండక్షరాలు. పూర్తిగా కాల్ తెగిపోతే మనిషి మళ్లీ చేస్తాడు. ఒక్క అక్షరం తెగితే తెగిందని ఎవరికీ తెలియదు, అదే ఎక్కువ ప్రమాదం.

2. నొక్కిన అంకెలు తప్పుతున్నాయి. ఫోన్‌లో "ఒకటి నొక్కండి" అనే చోట స్వరాన్ని గొంతు మార్గంలోనే పంపే లైన్లు ఇంకా ఉన్నాయి. స్వరం మధ్యలో ఖాళీ పడితే సాఫ్ట్‌వేర్ దాన్ని రెండు నొక్కుళ్లుగా లెక్కపెడుతుంది. రహస్య సంఖ్యలో ఒక అంకె రెండుసార్లు పడి, మూడు ప్రయత్నాలూ తప్పై, ఖాతా స్తంభించిపోయిన ముసలాయన తన వేళ్లు వణుకుతున్నాయేమోనని మాకే క్షమాపణ చెప్పాడు. ఆయన వేళ్లు బాగానే ఉన్నాయి.

3. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. మారుతున్న ఆలస్యాన్ని తట్టుకోవడానికి ఫోన్లు గాదెని పెంచుకుంటూ పోతాయి. అవతలివాళ్లు ఆగారనుకుని ఇవతల మొదలుపెడతారు, ఇద్దరూ ఆపేస్తారు, మళ్లీ ఇద్దరూ మొదలుపెడతారు. బాధలో ఉన్న మనిషికి అది తన మాట వినడం లేదన్నట్టు అనిపిస్తుంది.

4. వినికిడి తక్కువగా ఉన్నవారు ఫోన్ మానేస్తున్నారు. మనకి తెలియని చిన్న గరగర వాళ్లకి మొత్తం మాటనే చెరిపేస్తుంది.

5. కాల్ ఎత్తేవారి ఉద్యోగం మీదికి వస్తోంది. ఇది ఎక్కడా లెక్కకి రాదు గనక కాస్త వివరంగా చెప్తాను. హెల్ప్‌లైన్‌లో, కాల్ సెంటర్‌లో కూర్చునేవారిని ఒక్కో కాల్ ఎన్ని నిమిషాలు పట్టిందన్న లెక్కతో బేరీజు వేస్తారు. "మళ్లీ చెప్పండి" అని నాలుగుసార్లు అడగాల్సి వచ్చిన రాత్రి వాళ్ల సగటు పెరుగుతుంది. నెలాఖరున పర్యవేక్షకుడు ఆ అంకె చూపించి సంజాయిషీ అడుగుతాడు. ఆ అమ్మాయి "సార్, లైన్ బాగాలేదు" అంటుంది. ఆయన మమ్మల్ని అడుగుతాడు. మేము మిమ్మల్ని అడుగుతాం. మీరు 14 శాతం అంటారు. ఆ 14 శాతం మెట్లు దిగుతూ వెళ్లి చివరికి ఆ అమ్మాయి జీతంలో కోత అవుతుంది.

6. లెక్కల పుస్తకం తప్పుతోంది. ఆగిపోయిన మెషీన్ గడియారాన్ని వర్చువలైజేషన్ టూల్ ఒక్కసారిగా జరిపినప్పుడు, మొదలైన సమయం కంటే ముందే ముగిసినట్టు రాసుకున్న కాల్ రికార్డులు నా దగ్గర ఉన్నాయి. బిల్లు వివాదాల్లో సాక్ష్యంగా చూపేది ఆ రికార్డులనే.

7. ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో మాట్లాడే అలారం పెట్టెలు, ఫ్యాక్స్ యంత్రాలు కాల్ మధ్యలో చెయ్యెత్తేస్తున్నాయి. మనిషి చెవి క్షమించే ఖాళీని మోడెమ్ క్షమించదు.

ఉన్న యంత్రాన్ని పదిమందికి పంచి వాడటం తప్పని నేను అనడం లేదు. పంచుకోవడమనే విద్య టెలిఫోన్ రంగానిదే. వంద ఇళ్లకి వంద లైన్లు అక్కర్లేదని, ఎన్ని లైన్లుంటే ఎంతమందికి దొరకకుండా పోతుందో లెక్క కట్టవచ్చని డెన్మార్క్ గణిత శాస్త్రవేత్త ఎర్లాంగ్ 1909 నుంచి రాసిన వ్యాసాల్లో చూపించాడు. ఆయన 1917 నాటి సూత్రంతోనే మేము ఇప్పటికీ ట్రంకులు (చాలామంది పంచుకునే లైన్లు) లెక్కపెట్టుకుంటాం. కానీ ఆ పద్ధతిలో ఒక మర్యాద ఉంది. లైన్లు నిండితే కొత్తగా వచ్చినవాడికి గుమ్మం దగ్గరే ఎంగేజ్ టోన్ వినిపిస్తుంది. లోపల మాట్లాడుతున్నవాడి మాట చెక్కుచెదరదు. మీ పంపకంలో గుమ్మం లేదు. ఎంతమంది వచ్చినా లోపలికి రానిస్తారు, ఆ తర్వాత లోపల ఉన్న ప్రతి ఒక్కరి నోటినుంచీ తలా ఒక అక్షరం తీసేస్తారు. మా అభ్యంతరమంతా ఇక్కడే. స్థలం లేకపోతే లేదని ముందే చెప్పండి. ఇచ్చాక మధ్యలో లాక్కోకండి.

మందు లేని జబ్బూ కాదిది. వీఎంవేర్ 2013లోనే, వీస్పియర్ 5.5లో, లేటెన్సీ సెన్సిటివిటీ అనే అమరిక పెట్టింది. దాన్ని పెంచి, సీపీయూ, మెమరీ పూర్తిగా రిజర్వ్ చేస్తే మెషీన్‌కి ప్రాసెసర్‌లో సొంత భాగాలు, అంటే కోర్లు, దక్కుతాయి. లినక్స్ హైపర్‌వైజర్ కేవీఎంలో కోర్లని ఒక మెషీన్‌కే కట్టిపెట్టవచ్చు (పిన్ చేయవచ్చు), మిగతా పనులు వాటి మీదికి రాకుండా వేరు చేయవచ్చు. నెట్‌వర్క్ కార్డునే ముక్కలుగా పంచి నేరుగా మెషీన్‌కి అప్పగించే ఎస్ఆర్-ఐఓవీ పాతబడిన విద్య. సంవత్సరాల తరబడి బయటే ఉన్న, గడువులోగా పని జరిగేలా చూసే ప్రీఎంప్ట్ ఆర్‌టీ పని 2024లో 6.12 వెర్షన్‌తో లినక్స్ కెర్నెల్ ప్రధాన మార్గంలో కలిసింది. పెద్ద టెలికాం సంస్థలు ఇవన్నీ అడిగి చేయించుకుంటున్నాయి. నాలుగు మెషీన్లు అద్దెకి తీసుకునే హెల్ప్‌లైన్ అడిగితే ఇచ్చే దారి ఉండదు, చాలాసార్లు అడగడానికి ఫారం కూడా ఉండదు.

మా కోర్కెలు ఇవి.

1. ఒక భౌతిక కోర్‌ని ఎంతమందికి పంచుతున్నారో ఒప్పందంలో అంకెగా రాయండి. మీరు కోర్ అని అమ్మేది పూర్తి కోరా, ఒక కోర్‌ని రెండుగా చూపే హైపర్‌థ్రెడ్ సగమా అన్నదీ రాయండి.

2. గొంతు, వీడియో కాల్స్ లాంటి పనుల కోసం పంచుకోని కోర్లతో ఒక తరగతి పెట్టండి. చిన్న మెషీన్లకీ అది అందాలి. ఎక్కువ డబ్బు తీసుకుంటే తీసుకోండి. తీసుకున్నదానికి మాట ఇవ్వండి.

3. సగటు పక్కన గరిష్ఠం చూపించండి. ప్రతి నిమిషంలో మా మెషీన్ పరుగుకి సిద్ధంగా ఉండి కూడా ఒకే ఊపులో ఎంతసేపు ఆగాల్సి వచ్చిందో, ఆ అత్యధిక నిరీక్షణ మిల్లీసెకన్లలో కావాలి. 10 దాటినవి ఎన్ని, 20 దాటినవి ఎన్ని, 100 దాటినవి ఎన్ని. షెడ్యూలర్ దగ్గర ఈ సమాచారం ఇప్పటికే ఉంది, మాకు కనిపించేలా తలుపు తియ్యడమే మిగిలింది. ఈ కోర్కెల్లో ఒక్కటే తీర్చగలమంటే దీన్నే తీర్చండి. ఇది ఉంటే మిగతావాటి కోసం మేము మీతో వాదించగలం. ఇది లేకుండా మా దగ్గర ఉన్నది అనుమానం మాత్రమే.

4. లైవ్ మైగ్రేషన్, స్నాప్‌షాట్ (మెషీన్ స్థితిని ఉన్నదున్నట్టు దాచడం), బ్యాకప్ జరగబోయే ముందు మెషీన్ చదవగలిగే రూపంలో కబురు పంపండి. పది నిమిషాల ముందు తెలిస్తే కొత్త కాల్స్ పక్క సర్వర్‌కి మళ్లిస్తాం. నడుస్తున్నవి చాలావరకు ఆలోగా ముగుస్తాయి. ఫలానా వేళల్లో ముట్టుకోవద్దని చెప్పే వీలూ ఇవ్వండి.

5. బ్యాండ్‌విడ్త్‌తో పాటు సెకనుకి ఎన్ని ప్యాకెట్లు మోస్తారో ప్రకటించండి. మాకు మొదట తగిలే గోడ అదే.

6. మెషీన్ ఆగి లేచాక గడియారాన్ని దూకించకండి, నెమ్మదిగా సర్దుకునే పని మాకు వదిలేయండి.

7. ఆర్‌టీపీ క్యాప్చర్‌ని, అంటే గొంతు ప్యాకెట్లను పట్టి దాచిన ఫైలుని, సాక్ష్యంగా తీసుకోండి. 2003 నాటి ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్ఎఫ్‌సీ 3550లోనే జిట్టర్ (ప్యాకెట్ల రాకలో హెచ్చుతగ్గు) ఎలా లెక్కకట్టాలో రాసి ఉంది. మైక్రోసెకన్లతో సహా మేము పంపిన ఫైలు తెరవకుండా సగటు గ్రాఫ్ అతికించి ఫిర్యాదు మూసే పద్ధతి ఆపండి.

టెలిఫోనీ సాఫ్ట్‌వేర్ రాసే మిత్రులకి విడిగా ఒక విన్నపం. రద్దీ పెరిగితే కొత్త కాల్ నిరాకరించే అమరికలు మీరు ఇచ్చారు. ఆస్టరిస్క్‌లో మాక్స్‌లోడ్ ఉంది, అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఫ్రీస్విచ్‌లో మిన్ ఐడిల్ సీపీయూ ఉంది. అవి చూసేది సీపీయూ భారాన్ని. వర్చువల్ మెషీన్‌లో భారం తక్కువగా ఉండగానే సమయం పోతుంది. 20 మిల్లీసెకన్లకి రావలసిన టిక్కు 50కి వస్తే దాన్ని లాగ్‌లో రాయండి, వరుసగా వస్తే కొత్త కాల్స్ ఆపే అమరిక ఇవ్వండి. ఎర్లాంగ్ కాలంనాటి గుమ్మాన్ని మీరైనా తిరిగి కట్టండి.

మా సర్వర్లు నడిపే తోటివారికీ చెప్పాలి, ఎందుకంటే తప్పులో మనకీ వాటా ఉంది. నాలుగు కోర్లు చాలే మెషీన్‌కి పదహారు అడుగుతాం. అన్ని కోర్లూ దాదాపు ఒకేసారి దొరకాలని చూసే షెడ్యూలర్ కింద ఎక్కువ అడిగిన మెషీనే ఎక్కువ ఆగుతుంది. డేటాబేస్, రికార్డింగులు కుదించే పని, కోడెక్ మార్పిడి అన్నీ ఒకే మెషీన్‌లో కుక్కుతాం. మొదటి రెండు ఫిర్యాదులప్పుడు మా మెషీన్ కూడా అలాగే ఉండేది. రికార్డింగులని వేరే మెషీన్‌కి మార్చాం, కోర్లు తగ్గించాం. చిన్న ఖాళీలు తగ్గాయి. రాత్రి రెండు గంటలకి వచ్చే పెద్ద ఖాళీలు తగ్గలేదు. ఫిర్యాదు చేసే ముందు మన ఇల్లు ఊడ్చుకుంటేనే మన మాటకి బరువుంటుంది.

భౌతిక సర్వర్లకే తిరిగి వెళ్లిపోవచ్చు కదా అని కొందరంటారు. అర్ధరాత్రి పవర్ సప్లై కాలిపోయి, విడిభాగం వచ్చేదాకా హెల్ప్‌లైన్ మూగబోయిన రోజులు నేను చూశాను. వర్చువల్ మెషీన్ అయితే ఇంకో యంత్రం మీద నిమిషాల్లో లేచి కూర్చుంటుంది. ఆ మేలు వదులుకోమని ఎవరినీ అడగను. మీ యంత్రాల మీదే ఉంటాం. ఉండగలిగేలా నడపమని అడుగుతున్నాం.

గొంతులు తీసేసి, సమయాలు, వరుస సంఖ్యలు మాత్రమే ఉంచిన క్యాప్చర్లు ఏడు నెలలవి నా దగ్గర ఉన్నాయి. ఏ సంస్థ ఇంజనీరు అడిగినా ఇస్తాను, పక్కన కూర్చుని ఒక్కో ఖాళీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చూపిస్తాను. వచ్చేది మీ రాత్రి షిఫ్టు అయితే నేనూ రాత్రే వస్తాను.

మాకు మెషీన్లు అద్దెకిచ్చిన సంస్థవారు ఇది చదువుతుంటే, మూసేసిన ఐదు ఫిర్యాదులనూ తిరిగి తెరవండి. ముందు ఐదోది తెరవండి. అందులో జతచేసిన ఫైలు ఇప్పటిదాకా ఎవరూ డౌన్‌లోడ్ చేయలేదని మీ పోర్టలే నాకు చూపిస్తోంది.

ఇట్లు,
ఒక వాయిస్ సర్వర్ల ఇంజనీరు